మూతపడే ఆటలు, నిలిచే ఆటలు

వరంగల్లు నగరంలోని కొత్తవాడ నేతపనికి పేరుపొందిన పేట. ఇక్కడి మగ్గాలమీద నేసే నూలు జంపఖానాలను శతరంజీలు అని కూడా అంటారు. ఆ పేరు 'షత్రంజ్' అనే పారశీక పదం నుంచి వచ్చినదని నిఘంటుకారులు చెబుతారు. షత్రంజ్ అనగా చదరంగం. ఆ పారశీక పదమైనా మన 'చతురంగ' శబ్దానికి రూపాంతరమే. ఈ విధంగా ఒక ఆట పేరు దేశాలు తిరిగివచ్చి ఒక నేతవస్తువుకు స్థిరపడినది.

చదరంగం వయస్సు సుమారు 1500 సంవత్సరాలు. దానిని ఆదరించిన రాజులు పోయారు, రాజ్యాలు పోయినవి. ఆట మాత్రం పోలేదు. కాని 2009లో ప్రారంభమై కోట్లమంది ఆడిన 'ఫార్మ్‌విల్' అనే కంప్యూటరు ఆట 2020 డిసెంబరు 31న మూతపడినది. దాని ఆయుర్దాయం పట్టుమని పన్నెండేళ్ళయినా లేదు. కోట్లమంది ఆడిన ఆట గతే ఇట్లా ఉంటే, నలుగురైదుగురు కలిసి తయారుచేసి నడుపుకొనే చిన్న ఆన్‌లైన్ ఆటల సంగతి వేరే చెప్పనవసరం లేదు. ఇవి ప్రతి ఏటా పుడుతూ, ప్రతి ఏటా మాయమవుతూ ఉంటాయి. ఇట్లా ఎందుకు జరుగుతుంది? నిలిచిన కొద్ది ఆటలు ఎట్లా నిలిచినవి? ఈ ప్రశ్నలకు సమాధానం గత నలభై ఎనిమిది సంవత్సరాల చరిత్రలో దొరుకుతుంది.

సగం ఆట ఎక్కడ ఉన్నది?

కొత్తవాడ శతరంజీని కొన్నవాడు దానిని చుట్టి ఇంటికి తీసుకొనిపోతాడు. ఆ క్షణం నుంచి శతరంజీకీ, దానిని నేసిన మగ్గానికీ సంబంధం తీరిపోతుంది. నేతగాడు వృత్తి మానుకొన్నా, ఊరు విడిచిపోయినా, కొన్నవాని ఇంట్లో అది పరచుకొనే ఉంటుంది. చదరంగపు బల్ల కూడా అటువంటిదే. ఆన్‌లైన్ ఆట మాత్రం అటువంటి వస్తువు కాదు.

ఇద్దరు బాలురు నేలమీద గళ్ళు గీసి, గవ్వలు వేసి అష్టాచెమ్మా ఆడుతున్నారని అనుకొందాము. ఏ కాయ ఏ గడిలో ఉన్నదో ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది. తగవు వస్తే గీసిన గళ్ళే సాక్ష్యం. ఇప్పుడు ఒకడు హనుమకొండలోను, మరొకడు విశాఖపట్టణంలోను ఉండి ఆడాలంటే ఆ సాక్ష్యం ఎక్కడ ఉండాలి? ఇద్దరి కదలికలనూ ఒకచోట చేర్చుకొని, ఏది ముందో ఏది వెనుకో తేల్చి, ఆ తీర్పును ఇద్దరికీ పంపే మూడవ యంత్రం ఒకటి కావాలి. దానినే సర్వరు అంటారు. వేగంగా సాగే ఆటలలో ఈ పని సెకనుకు ఇరవై, ముప్ఫై సార్లు జరుగుతుంది.

ఆటగాని చేతిలోని ఫోనులో ఉండేవి బొమ్మలు, చప్పుళ్ళు, మీటలు. కాయలు ఎక్కడ ఉన్నవి, ఎవరికి ఎన్ని పాయింట్లు, ఏది నియమం, ఏది అనియమం అనే అసలు సంగతులు సర్వరులో ఉంటాయి. అనగా ఆట కొన్నవానికి దక్కేది సగం శతరంజీ. మిగిలిన సగం తయారుచేసిన వాని మగ్గంమీదే ఉండిపోయినది. ఆ మగ్గం ఆగిన రోజున చేతిలో ఉన్న సగం కూడా పనికిరాకుండా పోతుంది. ఆన్‌లైన్ ఆటల మూసివేతకు మూలం ఈ ఏర్పాటులోనే ఉన్నది.

ఎసెక్సు విశ్వవిద్యాలయపు రాత్రులు

1978లో ఇంగ్లండులోని ఎసెక్సు విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఒక ఆటను వ్రాయడం ప్రారంభించాడు. అందులో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. 'ఉత్తరానికి పో', 'దీపం తీసుకో' వంటి మాటలను ఆటగాడు టైపు చేస్తే, ఎదుట ఏమి ఉన్నదో కంప్యూటరు వర్ణించి చెప్పేది. విశేషమేమనగా, అదే సమయంలో అదే లోకంలో మరికొందరు కూడా తిరుగుతూ ఉండేవారు. ఈ ఆటకు 'మడ్' అని పేరు. అనేకులు కలిసి తిరిగే నేలమాళిగ అని దాని భావం. 1980లో ట్రబ్‌షా చదువు ముగించుకొని పోతూ ఆ పనిని సహవిద్యార్థి రిచర్డ్ బార్టిల్‌కు అప్పగించాడు. బార్టిల్ దానిని పూర్తిచేశాడు.

విశ్వవిద్యాలయపు కంప్యూటరు పగటిపూట చదువులకూ పరిశోధనలకూ కావాలి. కాబట్టి బయటివారిని రాత్రివేళ, యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే ఆడనిచ్చేవారు. దూరప్రాంతాలవారు టెలిఫోను తీగల ద్వారా వచ్చి చేరేవారు. 1987లో ఈ ఆట ఎసెక్సులో ఆగిపోయినది. అయితే అప్పటికే అది అమెరికాలోని కంప్యూసర్వ్ అనే సంస్థ యంత్రాలమీద 'బ్రిటిష్ లెజెండ్స్' అనే పేరుతో నడుస్తున్నది. అక్కడ 1999 వరకు నడిచినది. 2000 సంవత్సరం వస్తే పాత యంత్రాలు తేదీలను తప్పుగా లెక్కకట్టవచ్చునని లోకమంతా సరిచూసుకొంటున్న రోజులవి. ఆ సర్దుబాటులో పాత యంత్రాలతోపాటు ఆట కూడా తొలగింపబడినది.

చరిత్ర ఇంతటితో ముగిసిపోవలసినది. కాని ఆట వ్రాసిన అసలు ప్రోగ్రాము భద్రంగా ఉన్నది. అది బి.సి.పి.ఎల్. అనే పాత కంప్యూటరు భాషలో ఉన్నది. 2000లో విక్టర్ టోత్ అనే ప్రోగ్రామరు దానిని సి ప్లస్ ప్లస్ అనే నేటి భాషలోకి మార్చి, సాధారణ యంత్రంమీద మళ్ళీ నడిపించాడు. పుట్టిన యంత్రాలు పోయిన తరువాత కూడా ఆట బ్రతికినది.

నేతపని తెలిసినవారికి ఇందులో వింత కనిపించదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలో జోసెఫ్ మారీ జాకార్డ్ ఒక మగ్గాన్ని నిర్మించాడు. దానిలో పూలూ తీగెలూ ఎట్లా రావాలో చిల్లులు పొడిచిన అట్టలే నిర్ణయిస్తాయి. మగ్గం వేరు, నమూనా వేరు. మగ్గం పాతబడితే అదే అట్టలను అటువంటి మరొక మగ్గానికి తగిలించవచ్చు. తరువాతి కాలంలో చిల్లుల అట్టలే కంప్యూటర్లకు ఆజ్ఞలు అందించే సాధనాలైనవి. సర్వరు యంత్రం మగ్గం వంటిది; ప్రోగ్రాము నమూనా వంటిది. మగ్గం ఏనాటికైనా పోవలసినదే. నమూనా ఎవరి దగ్గరనైనా ఉన్నదా అనేదే ప్రశ్న.

మూతపడడానికి నాలుగు కారణాలు

మొదటిది వ్యయం. శతరంజీ నేయడానికి ఒకేసారి ఖర్చు అవుతుంది. సర్వరుకు నెలనెలా ఖర్చు ఉంటుంది. యంత్రం అద్దె, విద్యుత్తు, ఇంటర్నెట్టు చార్జీలు, దొంగదాడుల నుంచి కాపాడుకొనే పని, లోపాలు సరిదిద్దే మనిషి జీతం ఆగకుండా ఉంటాయి. ఆటవల్ల రాబడి దీనికంటే తగ్గిన నెల నుంచి యజమాని మూసివేతను గూర్చి ఆలోచిస్తాడు.

రెండవది జనం పలచబడడం. దీనిని విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చు. ఒక ఆటలో 100 మంది ఉంటే వారిలో జతలు ఎన్ని? 100ను 99తో గుణించి రెండుతో భాగిస్తే 4950. ఆటగాళ్ళు 50కి తగ్గితే జతలు 1225 మాత్రమే. మనుషులు సగమైతే పరిచయాలు దాదాపు నాలుగవ వంతుకు పడిపోయినవి. ఆన్‌లైన్ ఆటకు ఆకర్షణ తోటి మనుషులే కాబట్టి, కొద్దిమంది పోగానే మిగిలినవారికి కూడా రుచి తగ్గుతుంది. ఎనిమిదిమంది కూడితేనే మొదలయ్యే ఆట ఒకటి ఉన్నదనుకొందాము. పావు నిమిషానికొకరు వస్తుంటే రెండు నిమిషాలలో ఆట కుదురుతుంది. రెండు నిమిషాలకొకరు వస్తుంటే పదహారు నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎవరు కాచుకొంటారు? మొదట వచ్చినవాడు విసిగి లేచిపోతే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఆట చెడ్డదై కాదు, ఎదురుచూపు భరించలేక జనం పోతారు.

మూడవది పరాధీనత. చిన్న ఆటలు తమ పనులు కొన్నింటిని ఇతరుల సేవలకు అప్పగిస్తాయి. గేమ్‌స్పై అనే సంస్థ అనేక ఆటలలో ఆటగాళ్ళను ఒకరితో ఒకరిని కలిపే పని చేసేది. 2014 మే 31న అది మూతపడగా, దానిమీద ఆధారపడిన వందల ఆటలకు చిక్కు వచ్చినది. అట్లాగే అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో 'ఫ్లాష్' అనే సాధనానికి మద్దతు మానివేసినది. అంతకుముందు ఇరవై ఏళ్ళుగా చిన్న ఆటలు అసంఖ్యాకంగా దానిమీదే తయారైనవి. ఇల్లు గట్టిదే, పునాది పొరుగువానిది.

నాలుగవది నడిపేవాని అలసట. చిన్న ఆటను సాధారణంగా ఒకరో ఇద్దరో తీరిక వేళల్లో నడుపుతారు. తాళపుచెవులన్నీ, అనగా పాస్‌వర్డులు, చిరునామా హక్కు, ప్రోగ్రాము ప్రతి, ఆ ఒక్కరి దగ్గరే ఉంటాయి. ఆ వ్యక్తికి ఉద్యోగం మారినా, జబ్బు చేసినా, మనసు విరిగినా ఆట ఆగిపోతుంది. దీనికి తుదిరోజు ప్రకటన కూడా ఉండదు. ఒక ఉదయం తలుపు తెరుచుకోదు, అంతే.

మిల్లు, మగ్గాలు

ఈ సంగతిని వరంగల్లు చరిత్రలోనే మరొక విధంగా చూడవచ్చు. నిజాం పరిపాలనలో 1934లో ఇక్కడ ఆజంజాహి మిల్లు స్థాపింపబడినది. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ మిల్లు 2002లో మూతపడినది. మిల్లు ఒకచోట ఉన్నది, నిర్ణయం ఒకచోట జరిగినది. అందులోని మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయినవి. కొత్తవాడలో నేత ఇళ్ళలో ఉన్నది. ఒక ఇంటి మగ్గం ఆగితే పక్క ఇంటి మగ్గం ఆగదు. పడుగు పెట్టడం, రంగులు కలపడం, గళ్ళు తీర్చడం ఒక యజమాని రహస్యాలు కావు. అనేకులకు తెలిసిన విద్యలు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించే నాటికి ఆజంజాహి మిల్లు మూతపడి పదహారు సంవత్సరాలు.

అయితే ఈ పోలికను అతిగా సాగదీయరాదు. కొత్తవాడలోనూ మగ్గాలు తగ్గినవి. మరమగ్గాల చౌక సరుకు పోటీ, చాలని కూలి, పిల్లలు ఇతర వృత్తులకు మళ్ళడం దీనికి కారణాలు. విద్య పదిమంది చేతుల్లో ఉంటే ఒక్క దెబ్బకు పోదు. కాని కొత్తగా నేర్చుకొనేవారు రాకపోతే మెల్లగా పోతుంది. ఆటలకు కూడా ఈ రెండు సూత్రాలు వర్తిస్తాయి.

నిలిచినవి ఎట్లా నిలిచినవి?

డెన్మార్కు దేశంలోని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో ఐదుగురు విద్యార్థులు కలిసి 'మడ్' జాతికి చెందిన 'డీకూమడ్' అనే ఆటను వ్రాశారు. 1991లో దాని ప్రోగ్రామును, లాభానికి అమ్ముకోరాదు, మా పేర్లు తొలగించరాదు అనే షరతులతో, అడిగిన వారందరికీ ఇచ్చివేశారు. దాని ప్రతులనుంచి ప్రపంచమంతటా వందల ఆటలు పుట్టినవి. వాటిలో చాలా మూతపడినవి; అయినా వంశం నిలిచినది. ఒక విత్తనం మొలవకపోయినా చేను పండుతుంది.

అదే దేశంలోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు 1995లో మొదలుపెట్టి 1996 ఆరంభంలో విడుదల చేసిన 'ఫ్రీసివ్' ఆట మరొక పాఠం చెబుతుంది. మొదలుపెట్టినవారు తరువాత తమ దారిన తాము పోయారు. ప్రోగ్రాము బహిరంగంగా ఉన్నందున ఇతరులు అందుకొన్నారు; వారి నుంచి మరికొందరు అందుకొన్నారు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ ఆటకు మరమ్మతులు జరుగుతూనే ఉన్నవి.

వ్యాపార సంస్థలలో కూడా ఇటువంటి ఉదాహరణలు లేకపోలేదు. ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1996లో విడుదల చేసిన 'క్వేక్' ఆటలో సర్వరు భాగాన్ని ఆటగాళ్ళే తమ యంత్రాలమీద నడుపుకొనే వీలు కల్పించినది. 1999లో దాని ప్రోగ్రామును కూడా బయటపెట్టినది. 'మెరిడియన్ 59' ఆట కథ ఇంకా విచిత్రమైనది. 1996లో ప్రారంభమై 2000లో మూతపడినది. దానిమీద పనిచేసినవారే చిన్న సంస్థ పెట్టి 2002లో తిరిగి తెరిచారు. 2010లో ఆ సంస్థా మూతపడినది. మొదట ఆటను రూపొందించిన ఆండ్రూ, క్రిస్ కర్మ్సీ అనే అన్నదమ్ములు దానిని చేపట్టి 2012లో ప్రోగ్రామును అందరికీ ఇచ్చివేశారు. రెండు సంస్థల చేతులు దాటిన ఆట మూడవసారి పదిమంది చేతుల్లో పడి స్థిమితపడినది.

మూసివేత తప్పనప్పుడు కూడా మర్యాదగా మూయవచ్చు. 'గ్లిచ్' అనే ఆటకు చాలినంత జనం రాక 2012 డిసెంబరు 9న ఆగిపోయినది. మరుసటి సంవత్సరం ఆ సంస్థ దాని చిత్రాలను, ప్రోగ్రాములో చాలా భాగాన్ని ఎవరైనా వాడుకొనేటట్లు విడుదల చేసినది. ఆట తయారుచేస్తూ తమలో తాము మాట్లాడుకొనేందుకు ఆ ఉద్యోగులు కల్పించుకొన్న సాధనమే తరువాత 'స్లాక్' అనే పేరుతో కార్యాలయాలలో వ్యాపించినది. విఫలమైన ఆట కూడా వ్యర్థం కాదనడానికి ఇది నిదర్శనం. ఫ్లాష్ ఆటల విషయంలో ఔత్సాహికులు 2018లో 'ఫ్లాష్‌పాయింట్' అనే భాండాగారాన్ని ప్రారంభించి లక్షకు పైగా ఆటలను భద్రపరిచారు.

చట్టం మాట

ప్రోగ్రాము బయటపెట్టడం యజమాని ఇష్టం. ఇష్టపడకపోతే? 'సిటీ ఆఫ్ హీరోస్' అనే ఆట 2004లో మొదలై 2012 నవంబరు 30న యజమాని నిర్ణయంతో మూతపడినది. అభిమానులు ఎంత విజ్ఞప్తి చేసినా నిర్ణయం మారలేదు. కొందరు దానిని రహస్యంగా నడుపుతున్నారని 2019లో బయటపడినది. యజమాని సంస్థ చివరకు 2024 జనవరిలో అభిమానుల బృందానికి అధికారికంగా అనుమతి ఇచ్చినది. ఇంత ఓర్పు అన్ని ఆటల అభిమానులకూ ఉండదు.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం క్రింద కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతులతో సమానంగా రక్షణ పొందుతుంది. సాహిత్యకృతికి సామాన్యంగా కర్త మరణానంతరం 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. ఆట పదేళ్ళలో మూతపడుతుంది. దాని తాళం మాత్రం రెండు మూడు తరాలు ఊడదు. పుస్తకమైతే అంతకాలం బీరువాలో ఉండి చదువరి కోసం కాచుకొంటుంది. సర్వరులోని ఆట అట్లా కాచుకోలేదు.

అందుచేత కొన్ని దేశాలలో మార్పు ప్రయత్నాలు జరుగుతున్నవి. అమెరికాలో గ్రంథాలయాలు, మ్యూజియములు తమకు న్యాయంగా లభించిన సర్వరు ప్రోగ్రాముతో మూతపడిన ఆటలను భద్రపరచుకొనేందుకు 2018లో పరిమితమైన మినహాయింపు ఇచ్చారు. 2014లో విడుదలైన 'ది క్రూ' అనే ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపివేయగా, డబ్బిచ్చి కొన్నవారికి కూడా అది ఆడడానికి వీలులేకుండా పోయినది. దానిపై ఐరోపాలో ఒక ఉద్యమం బయలుదేరినది. అమ్మిన ఆటను మూసేటప్పుడు అది ఏదో ఒక రూపంలో ఆడదగినట్లు వదిలిపెట్టాలని వారి కోరిక. వారి వినతికి 2025 జూలై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు చేరినవి. ఎల్లకాలమూ సర్వరు నడపమని వారు కోరడం లేదు. పోయేటప్పుడు తాళపుచెవి ఇచ్చి పొమ్మంటున్నారు.

చిన్న ఆటను నిలబెట్టే మార్గాలు

పై చరిత్రనుంచి కొన్ని ఆచరణయోగ్యమైన సూత్రాలు తేలుతున్నవి. ఆట మొదలుపెట్టే రోజునే దాని ముగింపును కూడా ఆలోచించాలి. సర్వరు భాగాన్ని ఇతరులు కూడా తమ యంత్రంమీద నడపగలిగేటట్లు వ్రాయాలి. దానిని ఎట్లా నడపాలో, రెండు యంత్రాలు ఏ భాషలో మాట్లాడుకొంటాయో కాగితంమీద పెట్టాలి. వ్రాసి ఉంచని విద్య నేర్చినవానితోనే పోతుంది. తాళపుచెవులు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఆటగాళ్ళ వివరాలకు నకళ్ళు తీసి వేరొకచోట దాచాలి. ప్రోగ్రామును ఇతరులకు ఇచ్చేటప్పుడు మాత్రం ఆ సొంత వివరాలు ఇవ్వరాదు. అవసరానికి మించిన పెద్ద యంత్రాన్ని అద్దెకు తీసుకోరాదు. 'మడ్' వంటి అక్షరాల ఆటను పాతబడిన మామూలు కంప్యూటరు కూడా సునాయాసంగా నడుపుతుంది.

జనం తక్కువగా ఉన్నప్పుడు వేళ నిర్ణయించుకోవాలి. పల్లెల్లో అంగడి వారానికి ఒక్కరోజే ఎందుకు? ఉన్న కొద్దిమందీ రోజుకొక్కరుగా వస్తే అంగడి కాదు, వట్టి మైదానం. అందరూ ఒకేరోజు వస్తే నిలబడడానికి చోటుండదు. వారం పొడుగునా తెరిచి ఉంచిన ఆటలో ఇరవైమంది ఒకరికొకరు కనబడరు. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకని చెబితే ఆ ఇరవైమందే ఒక జాతర. ఎసెక్సు విశ్వవిద్యాలయం యంత్రం ఖాళీ కోసం పెట్టిన రాత్రి నియమం కూడా అనుకోకుండా ఈ మేలే చేసినది.

ఉన్నత పాఠశాలలలో దీనిని ప్రయోగంగా చేసి చూడవచ్చు. కంప్యూటర్ల గదిలో యంత్రాలు తీగలతో కలిపి ఉంటే ఇంటర్నెట్టు కూడా అవసరం లేదు. ఒకదానిమీద 'ఫ్రీసివ్' సర్వరును నడిపి, మిగిలినవాటి నుంచి విద్యార్థులు చేరవచ్చు. ఆట మధ్యలో సర్వరును ఆపితే ఏమవుతుందో చూడాలి. తరువాత అదే ఆటను మరొక యంత్రంమీదికి మార్చి, ఆగినచోటి నుంచి కొనసాగించాలి. సర్వరు నడిపే బాధ్యతను పదవ తరగతి విద్యార్థులు ఏడాది చివర తొమ్మిదవ తరగతివారికి అప్పగించి, చేయవలసిన పనులను ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఇవ్వాలి. వచ్చే ఏడు ఆ పుస్తకం చూసి కొత్తవారు ఆటను నడపగలిగితే ఆ విద్య నిలిచినట్లు. నడపలేకపోతే పుస్తకంలో ఏది లోపించినదో వెదకి చేర్చాలి. పెద్ద పెద్ద సంస్థలు నేటికీ సరిగా చేయలేకపోతున్న పని ఇదే.